అక్క నుదుటి మీద చుక్క

మొన్న మేముండే టార్నీట్‌లో డాక్టరు దగ్గర కూర్చుంటే బల్ల మీద మనవాళ్ళ కోసం వేసే పత్రిక ఒకటి కనబడింది. ముఖచిత్రం నిండా పట్టుచీర, మల్లెపూలు, చేతిలో ఇత్తడి దీపం, నవ్వుతున్న పిల్ల. మనవాళ్ళని పత్రిక మీదకి ఎక్కించాలంటే ఈ పరాయి దేశంలో ఇంకో బొమ్మ దొరకదు కాబోలు. మనం పొద్దున్నే ఆ దీపం పట్టుకునే రైలెక్కుతామనుకుంటారో ఏమో. పేజీ తిప్పకుండానే మా అక్క గుర్తొచ్చింది.

అక్క అప్పట్లో పక్కనే ట్రుగనీనాలో ఒక వేర్‌హౌస్‌లో సరుకులెత్తే ఫోర్క్‌లిఫ్ట్ బండి నడిపేది. ఇలాంటి ఉచిత పత్రికే ఒకటి ఆడవాళ్ళ సంచిక వేస్తూ ముఖచిత్రానికి తనని అడిగింది. ఆ పత్రిక పనులు చూసే తెలుగు ఆంటీ మంచి మనిషే. చీర, పూలు, బొట్టుబిళ్ళలు అన్నీ సంచిలో పెట్టుకుని వచ్చింది. మాది కోనసీమలో చర్చికి వెళ్ళే కుటుంబం. అమ్మ బాప్తిస్మం తీసుకుని బొట్టు మానేసినప్పుడు మేనత్తలు అనని మాట లేదు. అయినా అమ్మ మళ్ళీ పెట్టుకోలేదు, మేమూ పెట్టుకోం. ఆంటీకి ఇదేమీ తెలియదు, అడగాలనీ తోచలేదు. తెలుగుపిల్ల నుదురు బోసిగా ఉంటే తొందరలో మర్చిపోయి వచ్చిందనుకోవడమే ఆవిడకి అలవాటు.

“బొట్టు లేకపోతే ఎవరనుకుంటారమ్మా? ఫస్ట్ లుక్‌లోనే ఇండియన్ అని తెలియాలి. అప్పుడే మనవాళ్ళు పత్రిక పికప్ చేస్తారు” అంది ఆంటీ.

“నన్నే అనుకుంటారు ఆంటీ. మేం పెట్టుకోమండి. డ్యూటీ జాకెట్‌తో తీస్తే తీయండి, లేకపోతే వెళ్ళొస్తాను” అంది అక్క. వేర్‌హౌస్‌లో పైన వేసుకునే ఆ ఆరెంజ్ జాకెట్‌లోనే తీశారు. అమ్మకి పంపిస్తానని అక్క ఎంత సంబరపడిందో చెప్పలేను.

పత్రిక వచ్చింది. జాకెట్ అలాగే ఉంది, నుదుట మాత్రం ఎర్రటి చుక్క. కంప్యూటర్‌లో పెట్టేశారు. కిరాణా కొట్లో అందరూ భలే ఉన్నావంటుంటే నాకు ఒళ్ళు మండిపోయింది. అక్క అక్కడి నుంచే ఆంటీకి ఫోన్ చేసింది.

“చిన్న చుక్కే కదమ్మా, ఎంత కళ వచ్చిందో చూడు” అంది ఆంటీ.

“ముఖం నాది ఆంటీ. వద్దని మీకు చెప్పాను. ఇది మా అమ్మకి ఎలా పంపను?” అంది అక్క.

ఫోన్ పెట్టేసి కౌంటర్ మీది దొంతర మొత్తం చంకలో పెట్టుకుంది. నేను కారు తోలాను. టార్నీట్‌లో మనవాళ్ళ కొట్లన్నీ తిరిగాం. తన బొమ్మ పడిందని పాపం మురిసిపోతోంది, తీసుకెళ్ళనీ అని కొట్లవాళ్ళే సంచులిచ్చారు. ఇంటికొచ్చి అన్నీ రీసైక్లింగ్ బిన్‌లో కూరుతుంటే అక్క కూతురు వాకిట్లోకి వచ్చింది. “మమ్మీ, వై ఆర్ యూ బిన్నింగ్ యువర్‌సెల్ఫ్?” అంది.

“అది నేను కాదమ్మా. ఆ మూత పట్టుకో” అంది అక్క.

ఇన్నేళ్ళలో కాలం కూడా అక్క నుదుటి మీద చాలా గీతలే గీసింది. వాటితో అక్కకి ఏ పేచీ లేదు. అవి తను బతికి తెచ్చుకున్నవి.