దానంతటది తిరిగిన లేత్

గుడివాడలో తను పనిచేసిన వర్క్‌షాపు మూతపడుతుంటే, మా మావయ్యగారు యజమానిని అడిగి ఒక పాత లేత్ మిషను తెచ్చుకున్నారు. ట్రాక్టరు మీద అది బందరులో మా ఇంటి ముందుకొచ్చిన రోజు, పెరట్లోకి చేర్చడానికి ప్రహరీ గోడ ఒకచోట పడగొట్టాల్సి వచ్చింది. మా ఆయన విసుక్కున్నారు. మావయ్యగారు మాత్రం దాని మీద గోనెసంచి కప్పుతూ, "గోడదేముందిరా, మళ్ళీ కట్టుకోవచ్చు" అన్నారు.

తీరా తెచ్చుకున్నాక ఆయన దాని మీద పని చేయలేకపోయారు. చేతులు వణుకుతున్నాయి. లేత్ మీద ఇనపకడ్డీ గిర్రున తిరుగుతుంటే, కోసే టూల్‌ని రెండు చేతిపిడులు తిప్పుతూ వెంట్రుకవాసి చొప్పున ముందుకు జరపాలి. ఆయన జరపబోతే అది ఎగిరెగిరి పడేది. కడ్డీ మీద మెట్లు మెట్లుగా గాట్లు. ఆ గాట్ల మీద వేలితో రాసుకుంటూ కూర్చునేవారు.

నేను పాలిటెక్నిక్‌లో ఎలక్ట్రానిక్స్ చదివాను. బళ్ళో కంప్యూటర్ పాఠాలు చెప్తాను. ఆ పిడుల స్థానంలో చిన్న మోటార్లు పెట్టి, వాటిని కంప్యూటరుతో తిప్పిస్తే ఎలా ఉంటుందన్న ఆలోచన నాదే. చెప్పగానే ఆయన నవ్వారు. తర్వాత తన చేతులకేసి చూసుకుని, "చేతులు వణుకుతున్నాయి గానీ కళ్ళు బాగానే ఉన్నాయి కదమ్మా. ఎంత కొయ్యాలో నేను చెప్తాను, నువ్వు దానికి చెప్పు" అన్నారు.

మా ఆయనకీ ఆశ కలిగింది. ఆయన కోడూరు వైపు రొయ్యల చెరువుల్లో ఏరియేటర్లు బాగుచేస్తారు. చెరువు నీళ్ళలో గాలి కలవడానికి చక్రాలు తిప్పే యంత్రాలవి. ఉప్పునీళ్ళకి వాటి బుష్‌లు, అంటే ఇరుసు తిరిగే గుండ్రటి తొడుగులు, ఊరికే అరిగిపోతాయి. సరిపడే సైజు దొరక్క రైతులు తిట్టుకుంటూ ఉంటారు. అవి మన షెడ్డులోనే తయారైతే ఇంకేం కావాలి అన్నారు.

అలా మొదలైంది. పాత స్క్రూలు విప్పి కొత్తవి బిగించడం, మోటార్లు కూర్చోబెట్టడం మావయ్యగారి వంతు. వైరింగు, కంట్రోలరు బోర్డు, ప్రోగ్రాము నా వంతు. కడ్డీని తిప్పే పెద్ద మోటారుని కూడా ఆ బోర్డే నడిపేలా కలిపాను. బడి నుంచి రాగానే చీర కొంగు దోపుకుని షెడ్డులోకి వెళ్ళేదాన్ని. ఆయన అప్పటికే నట్లన్నీ కిరసనాయిలుతో కడిగి వరసగా ఆరబెట్టి ఉంచేవారు. ఇద్దరం గంటల తరబడి మాట్లాడుకోకుండా పని చేసుకునేవాళ్ళం. ఎప్పుడైనా ఆయన, "అమ్మాయ్, కాస్త కుడికి జరిపించు" అనేవారు. నేను మీట నొక్కగానే టూల్ బుద్ధిగా జరిగేది. ఆయన తల పక్కకి వంచి చూసి, "అబ్బ, వణకట్లేదే!" అనేవారు.

ఆ ఆదివారం ఉదయం నేను లాప్‌టాప్ ముందు స్టూలు మీద కూర్చుని ఉన్నాను. టీ గ్లాసు రెండు చేతులతో పట్టుకుని ఉన్నాను. ఇది ఎందుకు చెప్తున్నానంటే, నా వేళ్ళు కీబోర్డు మీద లేవు. ప్రోగ్రాము మొదలవలేదు. మిషనుకి కరెంటు ఉంది, అంతే. మావయ్యగారు ముందుకి వంగి, కడ్డీని పట్టి ఉంచే చక్ దగ్గర, దాని పళ్ళ మధ్య ఇరుక్కున్న ఇనప రజను వేలితో తీస్తున్నారు.

లేత్ తిరిగింది.

దానంతటది తిరిగింది. ముందు ఆ చప్పుడు వినబడింది. ఆ తర్వాతే మావయ్యగారు మిషను మీదకి ఒరిగిపోవడం కనబడింది. చొక్కా అంచు చక్ పళ్ళకి చిక్కుకుంది. అది ఆయన్ని లోపలికి లాక్కుంటోంది. ఆయన ఎడమచేత్తో మిషను అంచుని తోసిపట్టి వెనక్కి గుంజుకుంటున్నారు. అప్పుడు పర్రుమని చిరిగిన చప్పుడు. ఆయన వెనక్కి వచ్చి గోడకి కొట్టుకుని నిలబడ్డారు. ఒంటి మీద చొక్కా లేదు. బనీను సగం లేదు. చక్ మీద ఆ నీలం గళ్ళ చొక్కా టపటపా కొట్టుకుంటూ తిరుగుతూనే ఉంది.

నేను లేచి గోడకున్న ప్లగ్గు పీకేశాను. ఎలా లేచానో, ఎలా అక్కడికి వెళ్ళానో నాకు తెలియదు. తిరిగేది నెమ్మదించి ఆగేవరకూ దాన్నే చూస్తున్నాను. అప్పుడు మావయ్యగారు నోరు తెరిచి అన్న మొదటి మాట ఇది:

"గ్లాసు పగిలిందమ్మా. కాళ్ళు జాగ్రత్త."

కిందకి చూశాను. నిజమే, గాజుముక్కలు, టీ. ఆయన మెడ చుట్టూ తాడు కట్టినట్టు ఎర్రగా కమిలిపోయింది. వేళ్ళు లెక్కపెట్టాను. మళ్ళీ లెక్కపెట్టాను. అన్నీ ఉన్నాయి. ఆ చొక్కా ఉతికి ఉతికి అరిటినార చీలికలా పల్చబడిపోయింది. పారేయమని నేనే ఎన్నిసార్లు చెప్పానో. పోయిన పండక్కి కొన్న కొత్త చొక్కా వేసుకుని ఉంటే అది చిరిగేది కాదు. ఆ సంగతి ఆయనే చెప్పారు, కందిపప్పు సంగతి చెప్పినంత మామూలుగా. "మా గుడివాడ షాపులో ఒకాయన కొత్త బట్టలతో వచ్చి..." అని మొదలుపెట్టి, నా మొహం చూసి ఆపేశారు.

డాక్టరు దగ్గరికి తీసుకెళ్ళాం. భుజం దగ్గర నరం పట్టేసింది తప్ప ఇంకేం లేదన్నారు. ఇంటికొచ్చి నేను వంకాయలు తరిగాను. ముక్కలు చక్కగా సమంగా వచ్చాయి. చాకు కడిగి పెట్టాను. మధ్యాహ్నం ఆయనకి మంచినీళ్ళిస్తుంటే, అప్పుడు మొదలైంది వణుకు. పళ్ళు కొట్టుకుంటున్నాయి. మంచం కోడు పట్టుకుని కింద కూర్చుండిపోయాను.

మా ఆయన కోడూరు నుంచి బండి మీద వచ్చారు. విషయం విని షెడ్డులోకి వెళ్ళి, చక్‌కి చుట్టుకుని ఉన్న చొక్కా చూసి బయటికొచ్చారు. "రేపే పాత ఇనుముకి ఇచ్చేద్దాం. ఈ దెయ్యం నా ఇంట్లో ఉండడానికి వీల్లేదు" అన్నారు.

నేను సరేనన్నాను. మావయ్యగారే ఒప్పుకోలేదు. "ఎందుకు తిరిగిందో తెలీకుండా ఇచ్చేస్తే ఎలారా? కొనుక్కున్నోడు ఇంకెవడికో అమ్ముతాడు. ఆడి చెయ్యి పోతే?" అన్నారు.

భుజం నొప్పి తగ్గాక ఒకరోజు మిషనులో ఏమీ బిగించకుండా కరెంటు ఇచ్చాం. ముగ్గురం షెడ్డు బయట, గుమ్మానికి దూరంగా కుర్చీలు వేసుకుని కూర్చున్నాం. పామున్న గది బయట కూర్చున్నట్టు ఉంది. పొద్దుటంతా అది కదల్లేదు. నా ప్రోగ్రామేమో, నా బోర్డేమో అని అప్పటికి నేను ప్రతి లైనూ చదివి, ప్రతి అతుకూ చూసి ఉన్నాను. ఏమీ దొరకలేదు. మా ఆయన భోజనానికి లేవబోయారు. అంతలో పక్కింటి పిన్నిగారు ట్యాంకు నింపడానికి నీళ్ళ మోటారు వేశారు.

లేత్ గిర్రున తిరిగింది.

మా ఆయన కుర్చీతో సహా వెనక్కి పడ్డారు. నేను కేక పెట్టాను. పిన్నిగారు గోడ మీంచి తల పెట్టి, "ఏవైందే అమ్మాయ్?" అన్నారు.

నేను లేత్ ప్లగ్గు పీకి, అది ఆగాక మళ్ళీ పెట్టి వచ్చాను. "పిన్నిగారూ, మీ మోటారు ఓసారి ఆపి మళ్ళీ వెయ్యండి."

"నా మోటారేం చేసిందే?" అంటూనే వెళ్ళి వేశారు. ఈసారి కదల్లేదు. మళ్ళీ వేయించాను. తిరిగింది. పిన్నిగారు రెండు చేతులూ చెంపలకేసి కొట్టుకున్నారు. ఆవిడ ఆ తర్వాత చాలాకాలం, "మోటారు వేస్తున్నానే!" అని అరిచి చెప్పాకే స్విచ్చి వేసేవారు.

ఆ మోటారు మొదలైనప్పుడల్లా తీగల్లో ఒక అదురు పుడుతుంది. అది మా బోర్డుదాకా వస్తే, బోర్డు దాన్ని నా ఆజ్ఞే అనుకుంటోంది. అలాంటి అదురు భూమిలోకి పోవడానికే ఎర్తింగ్ ఉండేది. మరి ఎందుకు పోవట్లేదు? మెయిన్ ఆపించి, షెడ్డు గోడకున్న త్రీపిన్ సాకెట్టు విప్పాను. పైనున్న పెద్ద చిల్లు వెనక ఎర్తింగ్ తీగ లేదు. ఖాళీ. స్క్రూ మీద ఒక్క గీత కూడా లేదు, ఎవరూ ఎప్పుడూ బిగించలేదు కాబట్టి.

ఇంట్లోకి వెళ్ళి ఫ్రిజ్ దగ్గరది విప్పాను. ఖాళీ. వాషింగ్ మిషను దగ్గరది. ఖాళీ. తడిచేతుల్తో, తడినేల మీద నిలబడి నేను రోజూ బట్టలు వేసే మిషను అది. స్నానాలగదిలో గీజరుదీ ఖాళీయే. మావయ్యగారు వెనక నిలబడి, "ఇల్లు కట్టించింది నేనేనమ్మా. మూడు చిల్లులున్నాయిగా, ఉందనుకున్నాం" అన్నారు. పిన్నిగారింట్లో చూశాం. అక్కడా అంతే. ఆ సాయంత్రం వీధిలో ఎంతమంది మమ్మల్ని పిలిచి సాకెట్లు విప్పించుకున్నారో. తీగ ఉన్న ఇల్లు ఒక్కటే కనబడింది.

ఎలక్ట్రీషియన్ వచ్చి ఎర్తింగ్ కోసం పెరట్లో గొయ్యి తవ్వాడు. కాస్త లోతుకే నీళ్ళూరాయి. బొగ్గు వేసి, ఉప్పు బస్తా పక్కన పెట్టేస్తూ, "బందరు నేలకి ఉప్పెందుకండీ" అన్నాడు. ఇల్లంతా తీగలు లాగించాం. లేత్ వైరింగు మొత్తం పీకి, కబురు మోసే తీగలు ఒకవైపు, మోటారు తీగలు ఒకవైపు వచ్చేలా మళ్ళీ చేశాను. చక్ మీద ఇనప మూత పెట్టాం. మూత తెరిచి ఉంటే మోటారుకి కరెంటే అందదు. కంప్యూటరుని అడగకుండా నేరుగా కరెంటు తెంపేసే ఎర్ర బటన్ ఒకటి బిగించాను. మావయ్యగారు అరచేత్తో దాన్ని కొట్టి చూసి, "ఇది ముందు నేర్చుకోవాల్సిన పని" అన్నారు.

పిన్నిగారు రోజుల తరబడి మా కోసం మోటారు వేసి ఆపారు. లేత్ కదల్లేదు. అయినా మొదటి బుష్ కోసినప్పుడు నా చెయ్యి ఎర్ర బటన్ మీదే ఉంది, నుదుటి చెమట కంట్లోకి కారుతున్నా తుడుచుకోలేదు. బుష్ నున్నగా వచ్చింది. మావయ్యగారు దాని మీద వేలితో రాసి చూశారు.

దాన్ని కోడూరు దగ్గర ఒక చెరువులో బిగిస్తున్నారంటే, బస్సెక్కి నేనూ మావయ్యగారూ చూడ్డానికి వెళ్ళాం. మా ఆయన అవతలి గట్టున ఉన్నారు. ఏరియేటరు నీళ్ళు చిమ్ముతూ తిరుగుతోంది. గట్టు మీద నిలబడి చూస్తూ, ఏ ప్రస్తావనా లేకుండా మావయ్యగారు అన్నారు.

"ఆరోజు చొక్కా పోయాక, చెయ్యి కూడా పోయిందనే అనుకున్నానమ్మా. చూసుకోడానికి ధైర్యం చాల్లేదు. నీ మొహం చూశాను. పోయుంటే నీ మొహంలో తెలుస్తుంది కదా అని."

ఆ క్షణంలో నేను ఆయన్ని చూడలేదు. చక్ మీద తిరుగుతున్న చొక్కానే చూస్తూ నిలబడ్డాను. ఆ మొహంలో ఆయనకేం కనబడి ఉంటుంది? "ఏం కనబడింది మావయ్యగారూ?" అని అడుగుదామనుకున్నాను.

"ఏం తెలీలేదు. అందుకే గ్లాసు సంగతి చెప్పాను" అన్నారు ఆయనే.

మా ఆయన గట్టు చుట్టి మా దగ్గరికి వచ్చారు. నా కళ్ళు చూసి, "ఏవన్నారు నాన్న?" అని అడిగారు.

"ఇంకో రెండు బుష్‌లు చెయ్యాలంటున్నారు" అన్నాను.