కనకరాజుగారి దగ్గు

కొత్తపేట కనకరాజుగారికి ఒకటే జబ్బు: ఎక్కడ దగ్గకూడదో అక్కడ దగ్గడం. ఊరేగింపు బాజాల్లో దగ్గరు. సంతాపసభలో అందరూ లేచి మౌనంగా నిలబడ్డాక మొదలుపెడతారు. ఆ దగ్గుకి కొబ్బరిచెట్టెక్కిన మనిషి రెండు బారలు కిందికి జారాడని ఊళ్ళో చెప్పుకుంటారు. "ఒక్క బారేనండి," అని ఆయన వినయంగా సవరిస్తారు.

అలాంటి మనిషిని రాజ్యలక్ష్మి టీచరుగారు తన బృందగానంలో ఎందుకు భరిస్తున్నారంటే, హార్మోనియం ఆయనది. ఎన్ని గొంతులో అన్ని శ్రుతులున్న బృందం అది. హార్మోనియం మాట ఎవరూ వినరు, అది వేరే సంగతి.

ఆ బృందాన్ని రేడియోవాళ్ళు రికార్డింగుకి పిలిచారు. ఆడవాళ్ళందరూ కొత్త పట్టుచీరలు కొన్నారు, రేడియోలో అంచులు కనిపిస్తాయన్నట్టు.

రొయ్యల షెడ్డులో పనిచేసే సత్యదుర్గకి చీర దిగులు లేదు. ఆమె దిగులంతా చరణం. దాన్ని ఆమె ఒక్కతే పాడాలి. పైస్థాయికి వెళ్తే గొంతు వణుకుతుంది.

"రికార్డింగులో గొంతు జారిందనుకో, ఇక ఆ చరణం శ్రీవాణిదే," అని టీచరుగారు తేల్చేశారు. పక్కనే ఉన్న శ్రీవాణి అప్పుడే గొంతు సవరించుకుంది.

దానికితోడు ఈ దగ్గొకటి. ప్రాక్టీసులో సత్యదుర్గ పైస్థాయి అందుకోబోయేసరికి కనకరాజుగారు ఖళ్ళుఖళ్ళున దగ్గేవారు. అందరూ ఆయన్ని తిట్టి మళ్ళీ మొదలుపెట్టేవారు.

"మిరియాల కషాయం తెచ్చేను బాబాయ్‌గారూ, తాగండి," అంది సత్యదుర్గ.

"ఆయ్, తాగుతానమ్మా."

గ్లాసు ఖాళీ చేసి, మళ్ళీ ఆమె చరణంలోనే దగ్గేవారు. అల్లం మింగారు, కరక్కాయ చప్పరించారు. దగ్గు మాత్రం ఆ పోషణకి ఒళ్ళు చేసింది.

రికార్డింగు గదిలో టీచరుగారు చేతులు జోడించారు. "ఈ ఒక్కపూటా ఊపిరి కూడా మానేయండి, కనకరాజుగారూ!"

"ఆయ్, మానేస్తానండి."

ఎర్రదీపం వెలిగింది. చరణం వచ్చింది. సత్యదుర్గ అందుకుంది. పైస్వరం దగ్గర గొంతు వణికింది, ఇక విరగబోయింది.

ఖళ్!

అద్దం వెనకనుంచి ఇంజనీరు ఊడిపడ్డాడు. "అది హార్మోనియమాండీ, లారీయా?"

టీచరుగారు తిట్టారు, ఇంజనీరు తిట్టాడు, శ్రీవాణి కూడా తిట్టింది. వాళ్ళ తిట్లు అయ్యేలోగా సత్యదుర్గ మంచినీళ్ళు తాగి, ఊపిరి కూడదీసుకుంది. ఈసారి గొంతు పైస్థాయికెక్కి అక్కడే నిలబడింది.

తిరుగుదారిలో జొన్నాడ దగ్గర బజ్జీల కోసం వ్యాను ఆపారు. పక్క పొయ్యిమీద ఎండుమిరపకాయలు మాడి ఘాటు లేచింది. బృందమంతా దగ్గే. జీవితంలో మొదటిసారి అందరూ ఒకే శ్రుతిలో ఉన్నారు. ఆ పొగ మధ్య కనకరాజుగారొక్కరే నిదానంగా బజ్జీ నములుతున్నారు.

సత్యదుర్గ కళ్ళు తుడుచుకుంటూ అడిగింది. "మీకు దగ్గు రాట్లేదేంటి బాబాయ్‌గారూ?"

ఆయన కంగారుపడి రెండుసార్లు దగ్గారు. అప్పటికే ఆలస్యమైపోయింది. "నీ కషాయం ఇప్పటికి పట్టిందమ్మా," అన్నారు బజ్జీకేసి చూస్తూ.

ప్రాక్టీసుల్లోనూ ఆ దగ్గు తన గొంతు విరగబోయే చోటే వచ్చేదని, తిట్లన్నీ ఆయన ఖాతాలో పడేవని ఆమెకి అప్పుడు తట్టింది. మరి సంతాపసభలో ఎవరికి నవ్వొచ్చిందో!

రేడియోవాళ్ళు మళ్ళీ పిలిచారు. ఈసారి ప్రాక్టీసుకి సత్యదుర్గ కషాయం తేలేదు. కరిగిపోతున్న పుల్లైసు పట్టుకుని పరిగెత్తుకొచ్చింది.

"తొందరగా తినేయండి బాబాయ్‌గారూ. కొత్త పాట ఇంకా పైస్థాయంట."

"ఆయ్," అన్నారు కనకరాజుగారు, శ్రద్ధగా ఐసు చప్పరిస్తూ.