ఫెరన్ కింద హంద్ ఆకు

మా అమ్మ ముఖ్తా ఎవరి నగలు చూసీ కుళ్ళుకున్న మనిషి కాదు. పొరుగింటి కూర బాగుందని మేం నోరుజారితే మాత్రం ఆ పూట మా ఇంట్లో అన్నం మాడేది.

అలాంటి అమ్మకు మొదటి మనవరాలు పుట్టింది. మా అన్న భార్య నుస్రత్ పురిటికి పుట్టింటికి వెళ్ళింది. పుట్టిల్లంటే మా ఊళ్ళోనే పై వీధి. మా కశ్మీరులో బాలింతకు హంద్ ఆకు పెడితేనే ఒళ్ళు కుదుటపడుతుందని నమ్మకం. ఆకు ఉడికించి, చేదు నీళ్ళు పిండేసి, కోడికూరలో వేస్తాం. అమ్మ నిరుడు ఎండబెట్టిన హంద్‌తో కూర వండి, మంచులో పడుతూ లేస్తూ మోసుకెళ్ళింది. నుస్రత్ తల్లి ఫాజీ మూత తీసి చూసి నవ్వింది.

"ఎందుకొదినా ఇంత శ్రమ? ఎండుది మా అటక మీదా ఉంది. కొత్తది మొలవనీ, నేనే కోసి నా బిడ్డకు వండి పెడతా."

ఆ 'నేనే' అమ్మకు ముల్లులా దిగింది. ఇల్లు చేరేదాకా అదే గోల.

"ఆవిడ బిడ్డట! మరి నా కోడలు కాదూ? చూస్తూ ఉండు. తొలి కొత్త హంద్ నుస్రత్ నా కుండలోంచే తింటుంది."

మంచు కరిగితే కదా! ఆపిల్ తోటలూ పొలం గట్లూ ఇంకా తెల్లగానే ఉన్నాయి. రెండు వీధుల మధ్య సమాధులున్న ఖబరస్తాన్ వాలులో మాత్రం ఎండ తగిలి నేల బయటపడింది. అక్కడ మొలిచిన ఆకు బాలింతకు పెట్టకూడదని నాకు చెప్పింది అమ్మే.

మర్నాడు పొద్దున్నే ఆకు తవ్వే కత్తీ చిన్న బుట్టా పట్టుకుని బయల్దేరింది.

"ఎక్కడికమ్మా?"

"మీ తాత సమాధి దగ్గర ఫాతిహా చదవడానికి."

"కత్తితోనా?"

"మంచు గీకొద్దూ? మాట్లాడకుండా నాతో రా, జారిపడతాను."

వాలు ఎక్కగానే అమ్మ చకచకా గుప్పెడు ఆకు తవ్వింది. అంతలో ఎవరో దగ్గారు. బుట్ట గబుక్కున అమ్మ చలికి తొడుక్కున్న వదులు అంగీ, ఫెరన్ కిందికి పోయింది. తాత సమాధి వెనకనుంచి ఫాజీ లేచి నిలబడింది. ఆవిడ ఫెరన్ కూడా ముందుకు ఉబ్బి ఉంది.

"సలాం వదినా. ఫాతిహాకా?"

"ఆ. మీరూనా?"

అమ్మ చూపు ఆ ఉబ్బు మీద ఆగింది. "ఈ వయసులో మీకు నెలలు నిండినట్టున్నాయే!"

"మీకింకా రెండో నెలే అనుకుంటా" అంది ఫాజీ.

నేను నవ్వాపుకోలేక అటు తిరిగాను. వాళ్ళిద్దరూ నవ్వలేదు.

"నుస్రత్‌తో చెబుతారా?" అంది ఫాజీ.

"మీరు చెబితే నేనూ చెబుతా."

చేసేది లేక ఇద్దరూ బుట్టలు మంచు మీద బోర్లించారు.

"అడుగున ఇంకా నాలుగాకులు ఉన్నాయొదినా" అంది అమ్మ.

పది రోజులకు తోటల్లో హంద్ మొలిచింది. కానీ ఒకరిని వదిలి ఒకరు తోటకు వెళ్ళే నమ్మకం పోయింది. పక్కపక్కనే కూర్చుని, ఒకరి బుట్ట ఒకరు చూసుకుంటూ కోశారు. ఫాజీ పొయ్యి మీదే ఒకే కుండలో వండారు. అమ్మ ఆకు పిండింది, ఫాజీ కోడి వేయించింది. ఫాజీ నీళ్ళకని వెళ్ళినప్పుడు అమ్మ ఉప్పు వేసింది. అమ్మ పాపను చూడ్డానికి లేచినప్పుడు ఫాజీ వేసింది. రెండూ నా కళ్ళ ముందే జరిగాయి. నేను చెంబు నింపి నుస్రత్ పక్కన పెట్టాను.

నుస్రత్ మొదటి ముద్ద మింగి చెంబు అందుకుంది. ఎదురుగా రెండు జతల కళ్ళు.

"బాగుంది. ఎవరు వండారు?"

"నేనే" అన్నారిద్దరూ.

పాపం, గిన్నె ఖాళీ చేసింది. మధ్యలో రెండుసార్లు చెంబు నింపుకుంది.

తిరిగి వస్తుంటే అమ్మ నా చెయ్యి గిల్లింది.

"చూశావా? ఆవిడ ఉప్పు ఎక్కువేసింది."

"నువ్వూ వేశావుగా అమ్మా."

"నేను వేసింది సరిపడా."