వేటకెళ్లని వాటా

కళింగపట్నంలో వల లాగడంలో అప్పలసూరిని మించినవాడు లేడు. ఆ మాట అందరికంటే ముందు అతనే చెప్పుకునేవాడు. అలాంటివాడి కుడిచెయ్యి ఓరోజు వల తాడుకీ పడవ అంచుకీ మధ్య నలిగిపోయింది. మూడు వేళ్లు ముడుచుకోవడం మానేశాయి.

శ్రీకాకుళం ఆసుపత్రిలో యమున అనే థెరపిస్టు ఆ చేతిని పనిలోకి తేవడానికి నెలల తరబడి పాటుపడింది. దెబ్బ తిన్నవాళ్లు పాత పనికి వెళ్లొచ్చో లేదో తేల్చడానికి ఆమె దగ్గర కొన్ని ప్రశ్నలుంటాయి. బరువెంత ఎత్తగలరు, పట్టు ఎంతసేపు నిలుస్తుంది, తోటివాళ్లు సాయం చేస్తారా. ఆఖరి ప్రశ్నకి అప్పలసూరి ఛాతీ విరుచుకున్నాడు. పడవ బావ ధనరాజుది, తన పెళ్లాం రాణికి సొంత అన్న, ప్రాణమైనా ఇస్తాడన్నాడు. ఆ జవాబుకే మార్కులు బాగా పడ్డాయి. తేలిక పనులు చేస్తూ చేపల వేటకి వెళ్లొచ్చని యమున తేల్చింది. ఆమెది తప్పనలేం. మనవాళ్ల ప్రేమ ఎంత మొండిదో ఆ ప్రశ్నలకేం తెలుసు పాపం.

మర్నాడు పడవ తొయ్యబోతే ఒకడు అతన్ని పక్కకి జరిపాడు. వల అందుకోబోతే ఇంకొకడు లాక్కున్నాడు. ఎక్కబోతే ధనరాజే భుజం పట్టి ఇసుకలో కూర్చోబెట్టాడు. మధ్యాహ్నానికి అతని వాటా చేపలు మాత్రం ఏమీ తగ్గకుండా రాణి గంపలో పడ్డాయి. రోజూ అదే వరస. ఆ పేటలో వేటకెళ్లకుండా వాటా అందేది సముద్రం మింగేసినవాళ్ల ఇళ్లకే. చివరికి ఓరోజు అప్పలసూరి ఆ గంప తెచ్చి బావ ముందు పెట్టాడు.

"సచ్చినోడింటికి పంపినట్టు పంపుతన్నావు బావా. నానింకా బతికే ఉన్నాను."

ధనరాజు తల దించుకున్నాడు. నిన్ను ఎక్కించొద్దని నా చెల్లెలే కాళ్లు పట్టుకుందిరా అన్నాడు.

అప్పలసూరి ఇంటికొచ్చి రాణిని నిలదీశాడు. ఆమె దాచలేదు.

"అవును, నానే సెప్పాను. కెరటాల్లో నీ పట్టు జారితే నాకేటి మిగులుతాది?"

ఆ పూట ఆమె వడ్డించిన చేపల కూర తలెత్తకుండా తిన్నాడు. తర్వాత ఒడ్డు వైపే వెళ్లడం మానేశాడు.

కొన్నాళ్లకి యమున రాణికి ఫోన్ చేసి, పనికి వెళ్తున్నాడా అని అడిగింది. అంత కష్టపడ్డ పిల్లని బాధపెట్టడం రాణికి ఇష్టం లేకపోయింది.

"ఎల్తన్నాడమ్మా," అంది.

గోడ వైపు తిరిగి పడుకున్న అప్పలసూరి ఆ మాట విన్నాడు.