మంచు సముద్రం పటం

కడప నుంచి ఆ మనిషి వచ్చి చేరేదాకా మా ఆఫీసులో అక్షరాలు రాయడంలో నన్ను మించినవాడు లేడు. ఎనభైల చివరి మాట ఇది. మస్కట్‌లో ఖురం దగ్గర రోడ్ల సర్వే చేసే కంపెనీ మాది. నేను అందులో డ్రాఫ్ట్స్‌మన్‌ని. కరీంనగర్ వైపు నుంచి వచ్చిన మావాళ్ళంతా ఎండలో సిమెంటు కలుపుతుంటే, నేను ఏసీ గదిలో బోర్డు ముందు కూర్చుని ఇంకు పెన్నుతో గీతలు గీసేవాణ్ణి. సెలవు రోజున వాళ్ళ రూమ్‌కి వెళ్తే "ఆఫీసరొచ్చిండు" అని నవ్వేవాళ్ళు. ఆ నవ్వు నాకు నచ్చేది.

కొత్తగా వచ్చినతను నాకంటే ఐదారేళ్ళు చిన్న. ఇంట్లో దక్కనీ ఉర్దూ, బయట సీమ తెలుగు. వాళ్ళ నాన్న ఉర్దూ పుస్తకాలకూ పెళ్ళి కార్డులకూ చేత్తో రాసిపెట్టే కాతిబు. ఆ చెయ్యి కొడుక్కీ వచ్చింది. మేమంతా స్టెన్సిల్ పెట్టి ఒక్కో అక్షరం దిద్దుతుంటే అతను ఏ ఆధారమూ లేకుండా రాసేసేవాడు. ఇంగ్లీషు రాసినా, అరబ్బీ రాసినా అచ్చు వేసినట్టే ఉండేది. అతను నన్ను అన్నా అనేవాడు. నేను అతన్ని భాయ్ అనేవాణ్ణి. పక్కపక్క బోర్డులు మావి. అతను రాస్తుంటే అటు చూడకూడదనుకుంటూనే చూసేవాణ్ణి.

మా సర్వే విభాగానికి పెద్ద ఒక కెనడా మనిషి. అరవైకి దగ్గర పడిన వయసు. ఆయన ఎడమ చెవి అంచు కొంచెం ఉండేది కాదు, మంచు కొరికేసిందట. బహ్లా సైట్‌లో బండ వేడెక్కి అందరం విలవిల్లాడుతుంటే ఆయన మాత్రం, "ఇదే నయం, చలికైతే దాక్కోడానికి చోటుండదు" అనేవాడు. ఏళ్ళ తరబడి ఆయన కొలతలకు డ్రాయింగులు గీసింది నేను. నా బోర్డు దగ్గర ఆగి "గుడ్" అని వెళ్ళిపోయేవాడు. భాయ్ చేరిన కొద్ది వారాలకే అతని పక్కన కుర్చీ లాక్కుని కూర్చోవడం మొదలుపెట్టాడు.

ఒకరోజు ఆయన పెద్ద ట్రేసింగ్ కాగితం చుట్ట చంకలో పెట్టుకుని వచ్చాడు. ఒక గురువారం సాయంత్రం కంపెనీ హాల్లో స్టాఫ్‌కి తన దేశం గురించి మాట్లాడతాడట. దానికి గోడంత పటం కావాలి. నేను లేచి నిలబడ్డాను కూడా. ఆయన నన్ను దాటుకుని వెళ్ళి ఆ చుట్టను భాయ్ బోర్డు మీద పరిచాడు.

"నీ చెయ్యి కావాలి దీనికి" అన్నాడు అతనితో.

ఆ తర్వాత రోజూ భోజనం వేళ వాళ్ళిద్దరూ ఆ పటం మీద వంగి ఉండేవాళ్ళు. నేను డబ్బాలోని పప్పన్నం తింటూ వినేవాణ్ణి. ఉత్తర ధ్రువం వైపు కెనడాకు బోలెడన్ని దీవులున్నాయి. వాటి మధ్య నీళ్ళు ఏడాదిలో ఎక్కువ కాలం గడ్డకట్టే ఉంటాయి. ఆ నీళ్ళు తమ ఇంటి లోపలివని, అడక్కుండా ఎవరూ అడుగు పెట్టకూడదని కెనడా అంటుంది. అది ప్రపంచంలో అందరి ఓడలకూ దారి అని అమెరికా అంటుంది. అంతకు కొన్నేళ్ళ ముందే అమెరికా వాళ్ళ మంచు కోసే ఓడ ఒకటి అనుమతి అడక్కుండా ఆ దారిన పోయిందట. ఆ మాట చెప్పేటప్పుడు ఆయన పిడికిలి బిగించేవాడు. వయసులో ఉన్నప్పుడు ఆ దీవులు కొలిచినవాడు కదా. తన పొలం గట్టు ఎవరో జరిపినట్టే మాట్లాడేవాడు.

పటం పూర్తి కావస్తుండగా మా మేనేజరు వచ్చి చూశాడు. ఆయన అమెరికా మనిషి. దీవుల మధ్య నీలం ఇంకుతో 'కెనడా అంతర్గత జలాలు' అని ఇంగ్లీషులో పెద్ద అక్షరాలు వంపు తిరిగి ఉన్నాయి. మేనేజరు నవ్వుతూనే భాయ్ భుజం తట్టి, "కొంచెం చిన్నగా రాయవయ్యా, నీళ్ళు కనబడటం లేదు" అన్నాడు.

వెనక నుంచి కెనడా సార్ వచ్చాడు. "ఒక్క అక్షరం తగ్గించొద్దు."

"అది అందరూ తిరిగే దారి" అన్నాడు మేనేజరు.

"నీ ఇంటి వరండాలోంచి నేను లారీ తోలుకుపోతే అదీ దారేనా?"

భాయ్ పెన్ను పట్టుకుని ఇద్దరి మధ్యా బిక్కచచ్చిపోయాడు. నాకేసి చూశాడు. నేను తల వంచుకుని నా పని చేసుకున్నాను. లోపల మాత్రం చల్లగా ఉంది. పటం నాకిచ్చి ఉంటే ఆ ఇరకాటంలో నేనుండేవాణ్ణి కదా అన్న ఊహే రాలేదు.

గురువారం హాలు నిండింది. సమోసాలు, చాయ్ పెట్టారు. పటం గోడకు తగిలించి ఉంది. అందరూ ముందు మాట్లాడింది ఆ అక్షరాల గురించే. "ఎవరు రాశారు?" అని అడుగుతుంటే కెనడా సార్ భాయ్ చెయ్యి పట్టుకుని పైకెత్తి చూపించాడు. చప్పట్లు కొట్టారు. నేను వెనక గోడకు ఆనుకుని నిలబడి, చాయ్ చల్లారిపోయేదాకా గ్లాసు పట్టుకునే ఉన్నాను.

సార్ గంటసేపు మాట్లాడాడు. పిడుగుల్లా పగిలే మంచు గురించి, నెలల తరబడి పొద్దు పొడవని చలికాలం గురించి చెప్పాడు. చివర "అది మాది, ఎప్పటికీ మాదే" అన్నాడు. అప్పుడు నాలో రేగిన మంట భాయ్ మీదిది ఒక్కటే కాదు. మా ఊళ్ళ నుంచి బస్సులకు బస్సులు బొంబాయి వెళ్ళి విమానాలెక్కుతుంటే, వీళ్ళు మావాళ్ళు అని చెయ్యి అడ్డం పెట్టినవాళ్ళు లేరు. గడ్డి కూడా మొలవని మంచు కోసం ఒక దేశం ఇంత ఒంటికాలి మీద లేస్తోంది. ఆ మంచును చూసి నాకు కుళ్ళు పుట్టింది.

ప్రశ్నలుంటే అడగమన్నారు. నేను చెయ్యెత్తాను.

"సార్, అక్కడ ఎవరూ ఉండరు కదా. ఎవరూ లేని చోటు మీదెట్లా అవుతుంది?"

మేనేజరు గట్టిగా నవ్వి తొడ చరుచుకున్నాడు. కెనడా సార్ నవ్వలేదు.

"ఉన్నారు" అన్నాడు. "మేమే తీసుకెళ్ళి పెట్టాం."

యాభైలలో, ఎంతో దక్షిణాన ఉండే ఇన్యూట్ అనే మంచుసీమ ఆదివాసుల కుటుంబాలను ఓడలో ఎక్కించి ఆ దీవుల్లో దించారట. అక్కడ వేట బాగా దొరుకుతుందన్నారు. నచ్చకపోతే రెండేళ్ళలో వెనక్కి తెస్తామన్నారు. తేలేదు. వాళ్ళ సొంత ఊళ్ళో చలికాలంలోనూ సూర్యుడు కనబడేవాడు. ఆ దీవుల్లో నెలల తరబడి చీకటే. మొదటి చలికాలం గుడారాల్లోనే గడిపారట.

"అక్కడ నాకు దారి చూపించిన మనిషి వాళ్ళలో ఒకడు" అన్నాడు సార్. "మేం తుఫానులో చిక్కుకుంటే మంచు ఇటుకలు కోసి గూడు కట్టి నన్ను బతికించాడు. ఓడ ఎప్పుడొస్తుందని నన్ను అడిగేవాడు, ఇంటికి పోవాలని. మనుషులున్నారని ప్రపంచానికి చూపించడానికే వాళ్ళను పెట్టారని అక్కడ అందరూ అనుకునేవారు. మా సర్కారు మాత్రం ఒప్పుకోదు."

మేనేజరు గడ్డం గోక్కుంటూ కూర్చున్నాడు. సార్ మాట పడగొట్టాలనే నేను అడిగాను, అది నాకు తెలుసు. పడిపోయాక చూస్తే సంతోషం దొరకలేదు.

శనివారం పొద్దున సార్ ఆ పటం చుట్ట తెచ్చి ఈసారి నా బోర్డు మీద పరిచాడు.

"వాళ్ళను దించిన ఊరు పటంలో లేదు. నువ్వడిగావు కాబట్టి నువ్వే పెట్టు."

దీవి దక్షిణపు అంచున వేలు పెట్టి చూపించాడు. ఒక చుక్క, పక్కన ఊరి పేరు. అంతే పని. ఇన్నాళ్ళూ కోరుకున్న కాగితం నా ముందుంది. చుట్టూ భాయ్ అక్షరాలు అలల్లా పోతున్నాయి. స్టెన్సిల్ పెడితే నా అక్షరాలు వాటి మధ్య ఇనప మేకుల్లా కనబడతాయి. చేత్తో రాస్తే వంకర పోతాయి. పెన్ను పట్టుకుని అలాగే ఉండిపోయాను.

భాయ్ చూశాడు. "నువ్ రాయన్నా, బాగొస్తాది" అన్నాడు.

"నువ్వే రాయరాదు?"

"నీకిచ్చిన పని నేనెట్ల రాస్తా?"

అతని మంచితనం కూడా నన్ను గుచ్చింది. చేత్తోనే రాశాను. చివరి అక్షరం కొద్దిగా పక్కకు వాలింది. బ్లేడుతో గీకి మళ్ళీ రాద్దామనుకుంటుంటే సార్ వద్దన్నాడు. "వాలితే వాలనీ, కనబడుతోంది చాలు." ఆయన నా బోర్డు దగ్గర "గుడ్" కాకుండా మాట్లాడిన రోజు అదే.

తర్వాతి ఏడు ఆయన కాంట్రాక్టు అయిపోయింది. వెళ్ళేటప్పుడు భాయ్‌ని కౌగిలించుకున్నాడు, నాకు చెయ్యి కలిపాడు. పటం ఆయనతోనే పోయింది. చాలా కాలం తర్వాత, ఆ కుటుంబాలకు కెనడా సర్కారు క్షమాపణ చెప్పిందని పేపర్లో చిన్న వార్త చదివాను. అప్పటికి ఆయన బతికున్నాడో లేదో తెలియదు.

తొంభైలలో ఆఫీసుకు కంప్యూటర్లు వచ్చాయి. ఏ అక్షరం కావాలన్నా మీట నొక్కితే పడేది. నేను నేర్చుకున్నాను. భాయ్ కొన్నాళ్ళు ప్రయత్నించి, "నా చెయ్యి ఊరికే కూచుంటే నాకు పిచ్చి పడతాదన్నా" అని మానేశాడు. అల్ సువైక్‌లో ఒక అర్బాబ్, అంటే పూచీ ఉండే ఒమానీ యజమాని పేరు మీద బోర్డులు రాసే దుకాణం పెట్టుకున్నాడు. ఇక పక్క బోర్డు మీద ఎవరూ లేరు, ఆఫీసులో మళ్ళీ నేనే మొదటివాణ్ణి అనుకున్నాను.

ఒకసారి ఆ దారిన సైట్‌కి పోతూ దుకాణం ముందు బండి ఆపించాను. భాయ్ మడత నిచ్చెన మీద నిలబడి ఖర్జూరాల కొట్టుకు బోర్డు రాస్తున్నాడు. కింద ఆ కొట్టు యజమాని, ముసలి ఒమానీ, తడి ఆరని అరబ్బీ అక్షరాలను పైకి చదువుకుని పిల్లాడిలా నవ్వుతున్నాడు.

"అన్నా! చాయ్ తాగి పో" అని కేకేశాడు భాయ్.

"డ్యూటీ ఉంది భాయ్, మళ్ల వస్త" అన్నాను.

బండి కదిలాక బజారంతా చూశాను. టైలరు, చేపల దుకాణం, మందుల షాపు, అన్నీ అతని చేతివే. జనం వాటి కింద నిలబడి బేరమాడుతున్నారు, నీడకు నిలబడుతున్నారు. నేను ఆ నెల గీసిన డ్రాయింగులన్నీ ఆఫీసు బీరువాలో చుట్టలుగా ఉన్నాయి.