ఎర్ర మఖమల్ సంచి

ఆ ఇంట్లో డబ్బు గుడ్డ సంచుల్లో ఉండేది. సంచుల మూతులు కుట్టేసి ఉండేవి. బ్యాంకు పుస్తకం లేకపోలేదు గాని, అందులో రాసిన పేజీల కన్నా ఖాళీ పేజీలే ఎక్కువ. ముడేసిన సంచి అయితే ఎవరైనా విప్పేస్తారు, కుట్టేసిన సంచిని తెరవాలంటే బ్లేడు పట్టుకుని ఒక్కొక్క కుట్టూ కోసుకుంటూ పోవాలి, ఆ లోపు మనిషికి కాస్తయినా సిగ్గేస్తుంది. ఇదీ టైలరమ్మ లెక్క. సిగ్గుపడుతూ కూడా కొయ్యాల్సిన రోజులొస్తాయని ఆవిడకి మొదట్లో తెలీదు.

వీధిలో అందరూ ఆవిణ్ణి టైలరమ్మ అనే పిలిచేవాళ్ళు. ముందు గదిలో కిటికీ పక్కన కాలితో తొక్కే పాత మిషను, గోడకి వేలాడుతూ రెండు బడుల యూనిఫాంలు, కింద గోనెసంచి నిండా కత్తిరింపులు. భర్త ఇళ్ళకి రంగులేసే పెయింటరు. పనున్న నెల మహారాజు, లేని నెల గుమ్మంలో కూర్చుని బ్రష్షులు కడిగినవే మళ్ళీ కడిగేవాడు. అత్తగారు, పదో తరగతి కూతురు చిన్ని. నాలుగు నోళ్ళు, ఒకటిన్నర సంపాదన.

అద్దె డబ్బుకి చారల సంచి. సరుకులకీ కరెంటుకీ గ్యాసుకీ ఆకుపచ్చది. చిన్ని చదువుకి యూనిఫాం ముక్కతో కుట్టిన నీలం సంచి. ఒకప్పుడు అనుకోని ఖర్చులకని బూడిద రంగు సంచి కూడా ఉండేది. అది ఏ నెలా రెండో తారీఖు దాటి బతకలేదు. అనుకోని ఖర్చులు చెప్పాపెట్టకుండా వచ్చే చుట్టాల్లాంటివి. పోనీ వచ్చినవి ఒక పూట ఉండి పోతాయా అంటే, పెట్టేబేడా సర్దుకుని మరీ దిగుతాయి. విసుగొచ్చి ఆవిడ ఆ సంచిని చింపి మసిగుడ్డ చేసేసింది.

ఇక మిగిలింది ఎర్ర మఖమల్ సంచి. ఏదో బడి స్టేజీకి తెర కుట్టినప్పుడు మిగిలిన ముక్క. దాని మీద చిన్న తెల్ల గుడ్డ అతికి, మార్కరుతో ‘మిషను’ అని చిన్ని చేత రాయించింది. కొత్త మోటారు మిషను కొనుక్కోవడానికని ఇంట్లో చెప్పింది. అది పచ్చి అబద్ధం.

నిరుడు ఎండాకాలంలో సూదికి దారం ఎక్కడం మానేసింది. మొదట సూదిని తిట్టింది, తర్వాత దారాన్ని, ఆ తర్వాత బల్బుని. బల్బు మార్చినా ఎక్కలేదు. ఒకరోజు బల్ల మీద ఎడమ చేతి పక్కనే ఉన్న కత్తెర కోసం ఇల్లంతా వెతికింది. చిన్ని వచ్చి, “ఇదేంటమ్మా, నీ మోచేతి దగ్గరే ఉంటే!” అని నవ్వింది. ఆవిడా నవ్వింది. మర్నాడు గుండీలు కొనుక్కొస్తానని చెప్పి ఒక్కతే కళ్ళాసుపత్రికి వెళ్ళింది.

డాక్టరు చిన్నవాడే, మంచివాడే. మంచివాడు కాబట్టి దాచకుండా చెప్పాడు.

“కంట్లో ఒత్తిడి పెరిగి నరం చచ్చిపోతోందమ్మా. ఎడమ కన్ను సగం పైగా పోయింది. పోయింది మాత్రం తిరిగి రాదు. ఉన్నది నిలబెట్టుకోవాలంటే ఆపరేషన్ చేయాలి. ఆరు నెలలు దాటనివ్వకండి.”

“ఎంతవుతుంది బాబూ?”

“రెండు కళ్ళకీ కలిపి ఇరవై రెండు వేలు. అప్పటిదాకా ఈ చుక్కలు వేసుకోండి.”

ఆవిడ ఆ చుక్కల సీసా, లెక్కగా అర డజను గుండీలు కొనుక్కుని ఇంటికొచ్చింది. చుక్కలేంటని అత్తగారు అడిగితే, గుడ్డల దుమ్ముకని చెప్పింది.

నిజం ఎందుకు చెప్పలేదంటారా? చెప్పడానికేం, నోరుంది. చెబితే పెయింటరు ఆ సాయంత్రమే మేస్త్రీ కాళ్ళు పట్టుకుని డబ్బు తెచ్చేవాడు. చిన్ని పుట్టినప్పుడు అలాగే తెచ్చాడు, రెండేళ్ళు ఆ మేస్త్రీ దగ్గర సగం కూలికి పనిచేశాడు. అదొకటి. రెండోది అత్తగారు. ఆవిడ మంచిదే గాని నోట్లో నువ్వుగింజ నానదు. కోడలి కళ్ళు పోతున్నాయని పొద్దున తెలిస్తే మధ్యాహ్నానికి వీధి చివరిదాకా తెలుస్తుంది. చూపులేని టైలరుకి గుడ్డ ఎవరిస్తారు? ఇవన్నీ సరే, ఇంకో సంగతుంది. తన ఒంటికోసం డబ్బు దాచుకుంటున్నానని చెప్పడానికి ఆవిడకి నోరు రాలేదు. ఇలాంటి ఆడవాళ్ళని చూస్తే నాకు ఒళ్ళు మండుతుంది. జాలీ వేస్తుంది.

సంచి మీద ‘కళ్ళు’ అని రాసుంటే ఆ ఇంట్లో ఎవరూ దాని జోలికి పోయేవాళ్ళు కారు. ‘మిషను’ అని రాసుంది కాబట్టి అందరి కళ్ళూ దాని మీదే.

మొదటిసారి ఇంటి ఓనరు వచ్చాడు. నీళ్ళ మోటారు కాలిపోయింది, నాలుగు వాటాల వాళ్ళూ తలా కొంత వేసుకోవాలన్నాడు. అద్దె సంచి కొయ్యలేం, సరుకుల సంచిలో నాలుగు నోట్లే ఉన్నాయి. “మిషనుదేముందోయ్, ఇంకో నెల ఆగుతుంది కదా,” అన్నాడు పెయింటరు. అది నిజమే మరి, మిషను ఆగుతుంది. ఆవిడ బ్లేడు తీసుకుంది.

తర్వాత అత్తగారి పళ్ళు. ఆవిడ కట్టుడు పళ్ళు తీసి కాగితంలో చుట్టి కిటికీలో పెట్టింది. చెత్త తీసుకెళ్ళే మనిషి దాన్ని కూడా తీసుకెళ్ళింది. ఎవరు ఆ మనిషి చేతికిచ్చారన్న దాని మీద రెండు రోజులు ఇంట్లో విచారణ జరిగింది. చివరికి అత్తగారే ఇచ్చిందని తేలింది. నవ్వాలో ఏడవాలో తెలీలేదు. “నాకు పళ్ళొద్దమ్మాయ్, మెత్తగా చేసి పెట్టు చాలు,” అంది ముసలావిడ బోసినోటితో, మొహం అటు తిప్పుకుని. ఆ మొహం చూశాక పళ్ళు కట్టించకుండా ఎలా ఉంటారు? సంచి సగమైపోయింది.

మళ్ళీ కూడబెట్టింది. చిన్ని పరీక్షల ఫీజు పెంచారు. గ్యాసు పొయ్యి ట్యూబు పగిలింది. వానాకాలం చివర్లో పెయింటరు నిచ్చెన మీంచి జారి మణికట్టు విరగ్గొట్టుకున్నాడు. నలభై రోజులు కట్టుతో కూర్చున్నాడు. ఆ నలభై రోజులూ నాలుగు ప్రాణాల్ని ఎర్ర సంచే నిలబెట్టింది. చివరికి దానిలో మిగిలింది ఒక్క నోటు, దారపు పోగులు. అప్పటికి ఆరు నెలలు దాటి ఏడో నెల నడుస్తోంది.

చుక్కల సీసా కూడా రెండు నెలలు కొనలేదు. ఆ రోజుల్లో ఆవిడకి బతుకు మీద విరక్తి పుట్టింది. ఎవరి మీదా కోపం లేదు, అదే పెద్ద కష్టం. కాలిన మోటారుని తిడతామా, పోయిన పళ్ళని తిడతామా? ఒక్కొక్క ఖర్చూ న్యాయమైనదే, ఒక్కొక్కటీ ఆవిడ చూపులోంచి ఒక ముక్క కత్తిరించుకుని పోయింది. పొద్దున్నే చిన్ని బడికెళ్ళే ముందు ఇరవై సూదులకి దారాలెక్కించి దిండుకి గుచ్చి వెళ్ళేది. ఆ ఇరవై అయిపోతే ఆ రోజుకి చేతిపని అయిపోయినట్టే. కాజాలు వేళ్ళతో తడుముకుంటూ కుట్టేది. ఎడమ పక్క ఎవరైనా వచ్చి నిలబడితే మాట్లాడేదాకా తెలిసేది కాదు.

“అమ్మా, ఈ మధ్య నీ కుట్టు వంకర పోతోందే,” అంది చిన్ని ఒకసారి.

“మిషను ముసలిదైపోయిందే. అందుకేగా కొత్తదంటున్నాను.”

ఆ మాట పెయింటరు విన్నాడు. మనసులో పెట్టుకున్నాడు.

చలికాలమంతా కడుపు కట్టుకుని కుట్టింది. పదకొండో నెలలో, ఒక గురువారం సాయంత్రం, చిన్ని చేత లెక్క పెట్టిస్తే సరిగ్గా ఇరవై రెండు వేలు. సంచి మూతి ఎర్ర దారంతో దగ్గర దగ్గరగా కుట్టేసింది. వచ్చే గురువారానికి ఆపరేషన్‌కి రోజు ఖాయం చేసుకుంది. అక్క ఇంటికెళ్ళి నాలుగు రోజులుండి వస్తానని ఇంట్లో చెప్పింది. ఏడాదిలో మొదటిసారి కూనిరాగం తీసింది. రోజూ పనయ్యాక సంచి తీసి ఒళ్ళో పెట్టుకునేది, నిమిరేది, బరువు చూసుకునేది, మళ్ళీ పెట్టెలో పెట్టేసేది.

మంగళవారం సాయంత్రం వాకిట్లో ఆటో ఆగింది. పెయింటరూ ఇంకో మనిషీ కలిసి పెద్ద అట్టపెట్టె లోపలికి మోసుకొచ్చారు.

“ఏమోయ్, అటు తిరుగు! చూడకు!” అన్నాడు పెయింటరు. ఆయన గొంతులో అంత సంతోషం విని ఎన్నేళ్ళయిందో. అట్ట చింపిన చప్పుడు. అత్తగారి కొత్త పళ్ళు నవ్వుతో టకటకలాడిన చప్పుడు.

“ఇప్పుడు చూడు.”

మోటారు మిషను. తెల్లగా, నున్నగా, లైటుతో సహా.

“నీ సంచీ ఎన్నిసార్లు కోయించాను! ఇంకోసారి ఏదో ఒకటి వచ్చి పడేలోపే కొనేయాలనుకున్నాను. నీది ఇరవై రెండు, కొత్త బిల్డింగు పనిలో నాకొచ్చిన నాలుగు వేలు కలిపాను. శుక్రవారం నువ్వు గుండీలకెళ్ళినప్పుడు సంచి కోసి డబ్బు తీసి, పేపరు ముక్కలు కుక్కి, మళ్ళీ నేనే కుట్టేశాను. ఎర్ర దారం దొరక్క తెల్లదారంతో! నువ్వు పట్టేసుకుంటావేమోనని నాలుగు రోజులూ గుండె పీచుపీచుమంది. నీ కంటికి కూడా దొరకలేదంటే నేనూ టైలర్నే!”

“కొట్టువాళ్ళు వెనక్కి తీసుకుంటారా?” అంది ఆవిడ.

“తగ్గింపులో కొన్నది. తీసుకోరు.” ఆయన నవ్వు ఆగింది. “ఏం? నచ్చలేదా?”

ముగ్గురూ ఆవిడ మొహంలోకే చూస్తున్నారు. ఆ మొహాలు ఆవిడకి మధ్యలో కొంచెం కొంచెం కనబడుతున్నాయి, అంచులు లేవు.

“నచ్చిందండీ. ఎందుకు నచ్చదు,” అంది. మిషను మీద చెయ్యి వేసి అటూ ఇటూ రాసింది. ఎంత నున్నగా ఉందో. మళ్ళీ ఇరవై రెండు వేలు కావాలంటే కడుపు కట్టుకుని ఇంకో నాలుగైదు నెలలు, అదీ ఈలోపు ఏ మోటారూ కాలకుండా, ఎవరూ నిచ్చెన మీంచి పడకుండా. ఆవిడకి కన్నీళ్ళు కూడా రాలేదు.

చిన్ని పరుగెత్తి పెట్టెలోంచి ఎర్ర సంచి తెచ్చింది. మూతి దగ్గర రెండు కుట్లు కోసి పేపరు ముక్కలు కింద దులిపేసి, ‘మిషను’ అన్న తెల్లగుడ్డ ఊడబీకింది. “ఇంక ఇది అక్కర్లేదు. ఇప్పుడు దేనికి దాద్దామమ్మా? ఏం రాయను?” మార్కరు మూత తీసి నిలబడింది.

ఏదో ఒక అబద్ధం చెప్పడం టైలరమ్మకి అలవాటే, నోటిదాకా వచ్చింది కూడా. కానీ ఆ క్షణాన అలసిపోయింది.

“కళ్ళు అని రాయమ్మా.”

“నాకెందుకమ్మాయ్!” అంది అత్తగారు మురిసిపోతూ. “మొన్నే కదా పళ్ళు కట్టించారు. నా కళ్ళు భేషుగ్గా ఉన్నాయి. పోయిన వారం కూడా సూదిలో దారం నేనే ఎక్కించాను.”

ఎవరూ నవ్వలేదు. చిన్ని చేతిలో మార్కరు అలాగే ఉండిపోయింది. తను ఏడాదిగా ఇరవై సూదులకి దారాలెక్కిస్తున్న సంగతి ఆ పిల్లకి ఇప్పుడే మొదటిసారి తెలిసినట్టుంది.

పెయింటరు కూతురి చేతిలోంచి సంచి తీసుకున్నాడు. ఎర్ర మఖమల్ మీద తన తెల్లదారం కుట్లు. ఒక్కొక్కటీ బియ్యపుగింజ అంత, ఎడంగా, వంకరటింకరగా. వాకిట్లోంచి చూసినా కనబడతాయి.

“నాలుగు రోజులు నీ చేతిలోనే ఉంది కదే ఇది,” అన్నాడు.

ఆయన ఆవిడకి ఎడమ పక్కనే, చెయ్యి చాస్తే తగిలేంత దగ్గర్లో నిలబడి ఉన్నాడు. ఆవిడ తల పూర్తిగా తిప్పి, ఆ గొంతు ఎక్కణ్ణించి వచ్చిందా అని వెతుక్కుంది.