రాణి నుదుట బొట్టు

మదనపల్లెలో మా ఇంట్లో ఆ ప్లాస్టిక్ కవరు తెరిస్తే పాత కాగితం వాసనతో పాటు సన్నగా పసుపు వాసన వస్తుంది. లోపల ఉన్నది రష్యా చక్రవర్తుల నాటి వంద రూబుళ్ల నోటు. మన నోట్లకంటే బాగా పెద్దది, మీద దర్జాగా చూసే రాణి.

పుంగనూరులో మా తాత ఇలాంటివి పోగేసేవాడు. శ్రావణమాసపు తుంపరలో, వంటింట్లోంచి ఓలిగల, అదే బొబ్బట్ల, నేతివాసన కమ్మగా వస్తుంటే, పంచలో మేం అచ్చనగాయలాడుతుంటే, ఆయన నోటును వెలుతురుకు పట్టి, ఖాళీగా కనిపించే చోట కాగితంలోనే దాగిన రాణి ముఖాన్ని మాకు చూపించేవాడు.

"రాజు పోయినాక ఈ దుడ్డుకు గంజి కూడా పుట్టలేదంట, సూడమ్మా" అనేవాడు.

ఆయనకు లేనిదల్లా రాజు బొమ్మున్న ఐదువందల రూబుళ్ల నోటు. అది కుప్పంలో మునిరత్నప్ప దగ్గరుంది. ఏళ్ల తరబడి బతిమాలించుకుని, చివరికి మచ్చలేని రాణి నోటిస్తే మార్చుకుంటానని, వరలక్ష్మీ వ్రతం సాయంత్రం వస్తానని ఆయన కబురు పెట్టాడు.

ఆ పొద్దున తాత పూలకోసం బజారుకెళ్లాడు. కలశం ముందు నగలూ డబ్బూ సర్దుతున్న అవ్వ, రాణి నోటును కూడా తెచ్చి పెట్టింది. ఆడకూతురిని ఉత్తి నుదుటితో కూర్చోబెట్టడానికి మనసొప్పక, తడి పసుపు వేలితో అద్ది, పైన కుంకుమ పెట్టింది.

తాత వచ్చి చూశాడు. పూలు కింద పెట్టి నోటు మీదికి వంగాడు.

"తుడిస్తే పాకుతాది. ఎవురూ ముట్టుకోవద్దండి" అన్నాడు.

ఆ రోజు ఓలిగలు విస్తళ్లలోనే మిగిలిపోయాయి.

"పొద్దు పోయినాక మసకలో సూపించకూడదా?" అంది అవ్వ, తలుపు చాటునుంచి. తాత తల అడ్డంగా ఊపాడు.

మునిరత్నప్ప తడిసిన గొడుగుతో వచ్చాడు. తాత దీపం దగ్గరికి జరిగి నోటు తానే చేతికిచ్చాడు. ఆయన తిప్పి తిప్పి చూస్తుంటే మేం దీపం చుట్టూ మూగాం.

"నోటు నిజమైందే. బొట్టు మరక పడిపోయిందే అప్పా. నాకొద్దు."

సంచిలోంచి రాజును బయటికైనా తీయకుండా బస్సుకెళ్లిపోయాడు. ఇప్పటికీ ఆయన మీద నాకు కోపమే.

మరుసటి వ్రతానికి తాతే రాణిని తెచ్చి కలశం ముందు పెట్టాడు.

"పెట్టుమే బొట్టు" అన్నాడు. అవ్వ ఏడుస్తూనే పెట్టింది.

ఇప్పుడు వాళ్లిద్దరూ లేరు. ఒక్క నోటు చూడటానికి వానలో కుప్పం నుంచి బస్సెక్కి వచ్చే మనుషులూ లేరు. మొన్న నేను ఫోన్లో ఆర్డరిస్తే రాజు నోటు కొరియర్లో వచ్చింది. కిటికీ దగ్గర వెలుతురుకు పట్టాను. కాగితంలోంచి రాజు ముఖం తేటగా తేలింది. తాత ఒక్కసారైనా చూడని ముఖం.